వెదురు గొట్టంలో అర్జీలు

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం ఇది. ఆ సాయంత్రం రాలేకపోయిన వారి కోసం రికార్డు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన వాళ్లు ముందుకు రావచ్చు, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మొదటి వరుసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతారని భయం కాబోలు. నేను మాస్టారిని కానండి. రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహశీల్దారుగా బయటికి వచ్చాను. మాకు ప్రశ్నలు అడగడం అలవాటు లేదు. అర్జీ తీసుకోవడం, ముద్ర వేయడం, ‘చూస్తాం’ అనడం. ఈ మూడే మా విద్యలు. ఆ మూడో విద్య గురించే ఇవాళ ఎక్కువగా మాట్లాడతాను.

పేదరికం, పాలనా లోపం కలిసి తీవ్రవాదాన్ని ఎలా పెంచుతాయో చెప్పమన్నారు. పెద్ద అంశం. ఈ అంశం మీద నైజీరియా గురించి మాట్లాడవచ్చు, కొలంబియా గురించి మాట్లాడవచ్చు. నాకు ఆ దేశాలు తెలియవు. నాకు తెలిసింది మన కొండలు. సీతంపేట, పార్వతీపురం మొదలుకొని పాడేరు, రంపచోడవరం, భద్రాచలం మీదుగా ఉట్నూరు దాకా పోయే ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం. ఆ గట్టు దిగితే బస్తర్, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోది. కాళ్లకు తెలిసిన నేల మీదే నిలబడి మాట్లాడతాను.

ముందు ఒక సంగతి చెప్పనివ్వండి. 1991 ఎండాకాలం. ఒక కొండ ఊరికి భూముల విచారణ మీద వెళ్లాను. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. ఒక సవర పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, అటక మీంచి ఒక వెదురు గొట్టం దించాడు. మోచెయ్యంత పొడవు. ఒక పక్క కణుపు, రెండో పక్క గుడ్డ కుక్కి ఉంది. విత్తనాలు కాబోలు అనుకున్నాను. గుడ్డ పీకి నేల మీద తట్టాడు. నాలుగు ఎండు వేపాకులు, వాటి వెనకే చుట్టచుట్టిన కాగితాలు పడ్డాయి. అర్జీల నకళ్లు. లెక్కపెట్టాను, పద్నాలుగు. ప్రతి దాని మీదా ఊదారంగు ముద్ర: ‘అందినది’. కింద తేదీ, పొట్టి సంతకం. విషయం అన్నిటా ఒకటే. ఊరి కింద నాలుగు ఎకరాల పల్లం, తండ్రి కాలంలో తెచ్చిన రెండు బస్తాల ధాన్యం అప్పు కింద షావుకారు చేతిలోకి పోయింది, తిరిగి ఇప్పించండి. అంతే. పద్నాలుగు సార్లు అదే మాట.

ఆ పద్నాలుగింటిలో ఒక దాని మీది పొట్టి సంతకం నాదే.

“ఇన్నిసార్లు రాయించావు, విసుగు పుట్టలేదా తాతా?” అని అడిగాను. ఏమన్నాడో తెలుసా? “రాసినవాడికి అయిదు రూపాయలు ఇచ్చాను బాబూ. ముద్ర వేసినవాడికి ఏమీ ఇవ్వలేదు. అందుకే పని కాలేదేమో.” నాతో వచ్చిన వీఏవో, అంటే గ్రామ పాలనాధికారి, నవ్వాడు. నేనూ నవ్వాననే గుర్తు. నవ్వనివాడు ఒక్కడే ఉన్నాడు. పెద్దాయన చిన్న కొడుకు. ఇరవై ఏళ్లుంటాయి. గుమ్మానికి ఆనుకుని నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. మరుసటి ఏడాది ఆ కుర్రవాడు అడవిలోకి వెళ్లిపోయాడని విన్నాను.

ఇప్పుడు చెప్పండి. అతను పేదరికం వల్ల వెళ్లాడా?

పేదరికం ఎండుగడ్డి, తీవ్రవాదం నిప్పురవ్వ అని చాలా సభల్లో వింటాం. నాకు ఆ పోలిక నచ్చదు. గడ్డికి బుర్ర ఉండదు. మనిషి ఆలోచిస్తాడు. ఎవరి దగ్గరికి పోతే పని అవుతుంది, ఎవరి మాట చెల్లుతుంది అని తూకం వేసుకుంటాడు. మనకంటే ఎక్కువగా వేసుకుంటాడు, ఎందుకంటే తప్పు తూకానికి మనకు పోయేది జీతంలో కోత, ఆయనకు పోయేది పల్లం భూమి.

పేదరికం ఒక్కటే కారణమైతే ఆకలి ఉన్న ప్రతి చోటా తుపాకి లేవాలి కదా? 1980లలో ఒడిశాలోని కలహండి అంటే దేశమంతటా ఆకలికి మారుపేరు. అక్కడి జనం మూటాముల్లె సర్దుకుని రాయపూర్ వైపు, మన ఇటుక బట్టీల వైపు వలస వచ్చారు. పేదవాడు మామూలుగా చేసే పని అదే, బస్సెక్కుతాడు. ఇంకో పక్క చూడండి. 1960ల చివర శ్రీకాకుళం కొండల్లో లేచిన గిరిజన సాయుధ ఉద్యమానికి నాయకులైన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. 2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావుది మన శ్రీకాకుళం జిల్లా, వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివాడు. ఆకలితో వెళ్లినవాళ్లు కారు. మరి వాళ్ల వెనక వెళ్లిన వేల మంది? వాళ్లను కదిలించింది ఏది? ఇక్కడే నేను పాత ఫైళ్ల దగ్గరికి వెళతాను. అలవాటు పోదు కదా.

ఎంత పాత ఫైలు అంటారా? 1879. రంప తిరుగుబాటు. రంప అనగానే అల్లూరి గుర్తుకొస్తాడు మనకు, అది 1922. దానికి నలభై మూడేళ్ల ముందే ఆ కొండలు ఒకసారి అంటుకున్నాయి. ఎందుకు అంటుకున్నాయి? మన్సబుదారు, అంటే ఆ కొండల మీద పెత్తనం చేసే జమీందారు లాంటివాడు, చిగురు పన్ను అని ఒకటి పెట్టాడు. చిగురు అంటే జీలుగు చెట్టు, తాటి చెట్టు చిగురు. ఇంటి అవసరానికి కల్లు గీసుకుంటే పన్ను. దాని మీద సర్కారు ఆబ్కారీ నిబంధనలు. దాని మీద పోలీసు జవాన్ల దండుకోలు. ఇవన్నీ సరే, నన్ను పట్టి కుదిపిన సంగతి వేరే ఉంది. కోర్టు సంగతి.

మైదానం నుంచి వర్తకుడు కొండకు వస్తాడు. కొండవాడితో చిన్న ఒప్పందం చేసుకుంటాడు, ఇంత చింతపండు ఇవ్వాలి అనో, ఇంకేదో. కొన్నాళ్లకు ఒప్పందం తప్పావని కింద మైదానంలోని సివిల్ కోర్టులో దావా వేస్తాడు. సమన్లు కొండకు చేరవు. చేరినా చదివేవాడు లేడు. ముద్దాయి రాలేదు కాబట్టి ఎక్స్‌పార్టీ డిక్రీ. డిక్రీ చేతపట్టుకుని, జప్తు చేసే కోర్టు అమీనాను వెంటబెట్టుకుని వర్తకుడు మళ్లీ కొండెక్కుతాడు, ఈసారి పశువులు తోలుకుపోవడానికి. కొండవాడికి దావా సంగతి తెలిసేది ఎప్పుడు? దూడ మెడలో తాడు పడ్డప్పుడు. ఇదంతా ఏ విప్లవకారుడో రాసిన కథ కాదు. తిరుగుబాటు తరవాత మద్రాసు ప్రభుత్వం పంపిన రెవెన్యూ బోర్డు అధికారి విచారణలో తేలిన సంగతి.

గమనించండి, అక్కడ చట్టం లేక కాదు. చట్టం ఉంది, కోర్టు ఉంది, అమీనా ఉన్నాడు. అన్నీ వర్తకుడి చేతిలో ఉన్నాయి. ప్రభుత్వం లేని చోట తీవ్రవాదం పుడుతుందని పెద్దలు అంటుంటారు. నేను ఒప్పుకోను. ప్రభుత్వం ఒకే ఒక్క ముఖంతో కనిపించే చోట పుడుతుంది. తీసుకుపోయే ముఖంతో. ఇచ్చే ముఖం ఎన్నడూ కొండ ఎక్కదు.

సరే, ఆ తిరుగుబాటు ఎలా ముగిసింది? సైన్యం వచ్చింది, అణిచింది. ఆ తరవాత మన్సబుదారును తీసేశారు. అతని కింద ఊళ్ల మీద పెత్తనం చేసే ముఠాదారులతో సర్కారు నేరుగా ఒప్పందం చేసుకుంది. కల్లు గీసుకోవచ్చంది. అంటే కొండవాళ్లు మొదట అడిగినవాటిలో ముఖ్యమైనవి ఇచ్చేసింది. ఎప్పుడు? ఊళ్లు కాలిపోయాక.

ఈ ‘ఎప్పుడు’ అన్న మాట గుర్తుపెట్టుకోండి.

1940కి రండి. ఆసిఫాబాదు అడవులు. గోండు నాయకుడు కొమురం భీం పోడు కొట్టుకున్న నేల మీద హక్కు అడిగాడు. అటవీ శాఖవాళ్లు వెళ్లగొట్టారు. చివరికి జోడేఘాట్ గుట్ట మీద నిజాం పోలీసుల కాల్పుల్లో పోయాడు. పోయాక నిజాం ప్రభుత్వానికి అనుమానం వచ్చింది, అసలు ఈ గోండులకు వచ్చిన కష్టం ఏమిటి అని. అప్పుడు హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పిలిపించి అధ్యయనం చేయించింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, గోండులతో తిరిగి, నివేదికలిచ్చాడు. బడులు వచ్చాయి. వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. బాగుంది, మంచి పని. భీం బతికి ఉండగా ఎందుకు రాలేదు?

ఇక శ్రీకాకుళం. ఇది మా ఫైలు, మా శాఖ ఫైలు. కొంచెం నిదానంగా చెబుతాను.

గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదని చట్టం ఎప్పుడొచ్చిందో ఎవరైనా చెప్పగలరా? చెప్పండి, పరవాలేదు. 1970 అన్నారు ఎవరో. వన్ ఆఫ్ సెవెంటీ, అంటే 1970లో వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్, అందరికీ అదే గుర్తు. కాదండి. మొదటి చట్టం 1917లో వచ్చింది, బ్రిటిషువాళ్ల హయాంలో. ఏజెంటు, అంటే కలెక్టరు, అనుమతి లేకుండా అమ్మకాలు చెల్లవని అందులోనే ఉంది. స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త రెగ్యులేషన్ చేశారు. బాగుంది. దాన్ని అమలు చేయాలంటే నియమావళి కావాలి కదా? ఎవరు విచారించాలి, ఏ నోటీసు ఇవ్వాలి, ఎన్నాళ్లలో తేల్చాలి? ఆ రూల్స్ ఎప్పుడొచ్చాయి? 1969లో. పదేళ్లు. ఆఫీసులో పనిచేసినవాడికి పదేళ్లంటే ఏమిటో తెలుసు. పదేళ్లంటే బీరువాలో ఫైలు పడుకుంది అని అర్థం. ఆ పదేళ్లూ కొండ మీద షావుకారు పడుకోలేదు.

ఆ పదేళ్లలోనే సత్యం, కైలాసం గిరిజన సంఘం కట్టారు. మొదట్లో వాళ్లడిగినవి చూడండి: వెట్టి వద్దు, పాలేరు జీతం పెంచండి, అప్పుల్లో పోయిన భూములు తిరిగివ్వండి. తుపాకి మాట లేదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో జరిగే మహాసభకు జనం నడిచి వెళుతున్నారు. దారిలో లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కేసు పెట్టారు. విచారణ జరిగింది. ముద్దాయిలంతా నిర్దోషులుగా బయటికి వచ్చారు. అది 1968. ఆ ఏడాది నవంబరులోనే సాయుధ దాడులు మొదలయ్యాయి. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడమంటాను. రెండు నిండు ప్రాణాలు పోయాయి, పట్టపగలు, జనం చూస్తుండగా. కోర్టులో మాత్రం చంపినవాడు లేడు. 1879లో కోర్టు దూడను తోలుకుపోయింది. ఇక్కడ ఖాళీ చేతులతో పంపింది. కోర్టు చేయని తీర్పు మేం చేస్తాం అని ఒకడు తుపాకి పట్టుకుని వస్తే, ఆ రోజు ఆ కొండ మీద అతన్ని కాదనడానికి ప్రభుత్వం తరఫున చూపించడానికి ఏముంది?

తరవాతి కథ మీకు తెలుసు. భూస్వాముల హత్యలు, పోలీసు క్యాంపులు, ఎదురుకాల్పులు. 1970 జులై 10న సత్యం, కైలాసం ఇద్దరూ చనిపోయారు. దానికి అయిదు నెలల ముందు, 1970 ఫిబ్రవరి 3 నుంచి, వన్ ఆఫ్ సెవెంటీ అమలులోకి వచ్చింది. గట్టి చట్టం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి పోయిన భూమే అనుకోవాలి. కాదని నిరూపించుకునే భారం గిరిజనేతరుడిదే. ఇంత పదునైన చట్టం దేశంలో అరుదు. ఆ చట్టం నాకు అన్నం పెట్టింది, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ అది ఎప్పుడొచ్చింది?

మూడుసార్లు అడిగాను కదా ‘ఎప్పుడు’ అని. 1880లో ఇచ్చారు, 1940 తరవాత ఇచ్చారు, 1970లో ఇచ్చారు. మూడుసార్లూ ఇచ్చినది ఒకటే: అర్జీ పెట్టినప్పుడు ఇవ్వనిది. పేదవాడు అది చూడలేదంటారా? చూశాడు. అర్జీ రాస్తే ‘అందినది’ అనే ముద్ర వచ్చింది, తిరగబడితే చట్టమే వచ్చింది. ఈ పాఠం మావో పుస్తకంలోంచి రాలేదండి. మా ఆఫీసులోంచి వెళ్లింది. తీవ్రవాదానికి పాలనా లోపం కారణం అని మీరంటే నేను తలూపుతాను గానీ, అది సగం మాటే. లోపాన్ని హింస తరవాతే సరిదిద్దడం, దాన్ని ఒక అలవాటుగా చేసుకోవడం, అదే అసలు ఎరువు.

నీళ్లు ఇవ్వండమ్మా కొంచెం. సంతోషం.

బీడీలు చుట్టే తునికాకు గురించి చెబుతాను. ఇక్కడ ఎంతమంది తునికాకు కట్ట కట్టడం చూశారు? ఇద్దరు, ముగ్గురు. చేతులెత్తినవాళ్లంతా అటు ఖమ్మం, వరంగల్ వైపువాళ్లే అనుకుంటాను. ఏప్రిల్, మే నెలలు. ఆడవాళ్లు, పిల్లలు తెల్లవారుజామున చీకట్లో అడవికి పోతారు. ఎండ ముదిరేసరికి ఆకు మూటతో ఇంటికి. మధ్యాహ్నమంతా ఇల్లంతా కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట కడతారు. ఆకు తలా తోకా సరిచూసి, చెట్టు నారతో బిగించి. సాయంత్రం కల్లానికి మోసుకుపోతారు. కల్లేదారు, అంటే కల్లంలో కాంట్రాక్టరు తరఫున ఆకు కొనే మనిషి, ఒక్కో కట్ట చేతిలో తిప్పి చూస్తాడు. ఇది చిల్లు, ఇది ముదురు, ఇది చిన్నాకు అని పక్కకు విసిరేస్తాడు. వందకు ఇన్ని కట్టలు కొసరు పెట్టాలంటాడు. పక్కన పడేసిన కట్టలు రాత్రికి మళ్లీ కల్లంలోకే చేరతాయి, డబ్బు లేకుండా. కట్టకు ఇచ్చేది అప్పట్లో పైసల్లో లెక్క. వేసవి అంతా ఇల్లంతా పనిచేస్తే వచ్చే రొక్కం అదే. వానాకాలం గింజలు, ఉప్పు, బట్ట అన్నీ దాంట్లోనే.

1980లలో నక్సలైట్లు ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్ అడవుల్లోకి, అటు బస్తర్‌లోకి ఎలా అడుగుపెట్టారని పుస్తకాల్లో వెతకనక్కరలేదు. ఈ కల్లం మీదుగా అడుగుపెట్టారు. కట్టకు రేటు పెంచాలన్నారు, కొసరు కట్టలు వద్దన్నారు. కాంట్రాక్టరు దిగివచ్చాడు. రేటు పెరిగింది. ఆ మాట అనడానికి నాకు ఇబ్బందేమీ లేదు, నిజం కాబట్టి. కూలి రేటు చూడడానికి ఒక శాఖ ఉంది, అడవి ఉత్పత్తులకు ఇంకో శాఖ ఉంది, గిరిజన సంక్షేమానికి మరో శాఖ ఉంది. ముగ్గురూ కలిసి తేల్చని తగువును వీళ్లు ఒక సీజనులో తేల్చారు. కొండ మీద లెక్క చాలా సులువండి. ఎవరు తగువు తీరుస్తారో వాళ్లదే రాజ్యం.

మరి ఆ రాజ్యం ఎలా నడిచింది? ఇది కూడా చెప్పకపోతే నేను సగం నిజం చెప్పినవాణ్ణి అవుతాను. అడవి పార్టీల మీద ప్రేమతో ఇదంతా చెబుతున్నానని ఇక్కడ ఎవరైనా అనుకుంటే, ఇప్పుడు వినండి.

కాంట్రాక్టరు మెడలు వంచి రేటు పెంచినవాళ్లు, కొన్నాళ్లకు అదే కాంట్రాక్టరు దగ్గర పార్టీ ఫండు పుచ్చుకోవడం మొదలుపెట్టారు. బస్తాకు ఇంత. కాంట్రాక్టరు వాళ్ల శత్రువా, ఖజానానా? రోడ్డు కాంట్రాక్టరు దగ్గరా అంతే. ప్రజాకోర్టు పెట్టారు. మా కోర్టులో వాయిదాలున్నాయి, నిజమే, సిగ్గుపడాల్సినన్ని ఉన్నాయి. ప్రజాకోర్టులో వాయిదా లేదు, అప్పీలూ లేదు. ఇన్‌ఫార్మరు అన్నారంటే తెల్లారేసరికి దారి మీద శవం, పక్కన కాగితం. చనిపోయినవాళ్లలో ఎంతమంది షావుకార్లు? వాళ్లు ఎప్పుడో పట్నాలకు వెళ్లిపోయారు. మిగిలింది ఊళ్లో ఫోను ఉన్నవాడు, సంతకు నాలుగుసార్లు ఎక్కువ వెళ్లినవాడు, సర్పంచిగా నామినేషన్ వేసినవాడు. గిరిజనులే. బలగాలు దిగుతాయని బస్తర్‌లో బడి భవనాలు పేల్చేశారు. బలగాలు బడుల్లో దిగడం తప్పు, బడి పేల్చడం ఏమి ఒప్పు? అడిగేదెవరు? అడిగే చోటు లేకపోవడమే కదా మొదటి నుంచీ ఆ కొండ రోగం! మందు ఇస్తామని వచ్చినవాళ్లూ ఆ రోగాన్నే అంటించుకున్నారు.

ప్రభుత్వం వైపు మళ్లీ వద్దాం. 2005లో బస్తర్‌లోని దంతెవాడలో సల్వా జుడుం మొదలైంది, మావోయిస్టుల మీదికి ప్రభుత్వం అండతో ఊరివాళ్లనే నిలబెట్టిన దండు అది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. గిరిజన కుర్రవాళ్లను ప్రత్యేక పోలీసు అధికారులు అనే పేరుతో చేర్చుకున్నారు. చదువు అయిదో తరగతి ఉన్నా సరే. నెలకు 3,000 రూపాయలు. చేతికి తుపాకి. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆపమంది. అంత చదువులేని, అంత పేద పిల్లలకు తుపాకులిచ్చి ముందుకు తోయడం రాజ్యాంగం ఒప్పుకోదంది. ఆ తీర్పు చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. పేదరికం తీవ్రవాదులకే పనికొస్తుందనుకున్నాను అంతవరకు. ప్రభుత్వానికీ అంతే పనికొచ్చింది. ఆ వైపు దళంలో ఉన్నది ఆ ఊరి పిల్లవాడే, ఈ వైపు మూడు వేల జీతానికి నిలబడ్డది ఆ ఊరి పిల్లవాడే. 2010 ఏప్రిల్ 6న దంతెవాడ జిల్లా చింతల్‌నార్ దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయారే, వాళ్లు మాత్రం ఎవరి పిల్లలు? ఎక్కడో ఊళ్లో అరెకరం, ఎకరం ఉన్న రైతుల పిల్లలు.

జుడుం మంట ఇటు కూడా వచ్చింది. ఊళ్లు కాలాక వేల కుటుంబాలు గోదావరి ఒడ్డు పట్టుకుని ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చేశాయి. మనం గుత్తికోయలు అంటాం. ఇక్కడ వాళ్లకు కులపత్రం రాదు, కొట్టిన పోడుకు హక్కు రాదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే వర్తిస్తుంది, వీళ్లలో చాలామంది ఆ తేదీ తరవాత వచ్చినవాళ్లే. మొక్కలు నాటడానికి అటవీ శాఖ వస్తుంది, పీకడానికి వీళ్లు వస్తారు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఈ తగాదాలోనే ఒక రేంజి అధికారి ప్రాణం పోయింది. ఆయన ఉద్యోగం ఆయన చేశాడు. ఆయన ఇంట్లోవాళ్లకు నేను ఏ పోడు సిద్ధాంతం చెప్పగలను? చెప్పలేను. ఒకటే అంటాను, పదిహేనేళ్లుగా ఆ తగువు తేల్చాల్సినవాళ్లు ఆ చెట్ల మధ్యకు ఆయన్ని పంపారు.

ఇవన్నీ నా సొంత తెలివి అనుకోకండి. 2008లోనే ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం చెప్పింది. బెంగాల్ భూసంస్కరణల్లో పనిచేసిన బందోపాధ్యాయ అధ్యక్షులు. సభ్యుల్లో పోలీసు డీజీగా చేసిన ప్రకాశ్ సింగ్ ఉన్నారు, హక్కుల కోసం పోరాడిన బాలగోపాల్ ఉన్నారు, మన ఎస్.ఆర్. శంకరన్ గారూ ఉన్నారు. భూమి, అడవి, నిర్వాసితులు, పట్టించుకోని పాలన, వీటిని వదిలేసి శాంతిభద్రతల సమస్య అంటే కుదరదన్నారు.

శంకరన్ గారి పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని కాగితం మీంచి ఊళ్లోకి తెచ్చిన అధికారి ఆయన. 1987 డిసెంబరులో గుర్తేడు అడవిలో నక్సలైట్లు ఎత్తుకుపోయిన అధికారుల బృందంలో ఆయనా ఉన్నారు. పేదల పక్షం నిలబడ్డ అధికారినే ఎత్తుకుపోయారు చూడండి. విడుదలయ్యాక ఆయన పగ పెట్టుకోలేదు. రెండు వైపులా హింస ఆపమని ఏళ్ల తరబడి తిరిగి, 2004లో ప్రభుత్వాన్ని, నక్సలైటు పార్టీలను హైదరాబాదులో ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ చర్చలు నిలవలేదు. అది వేరే కథ, దానికే ఇంకో సాయంత్రం కావాలి.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క ఉదాహరణ చెప్పి ఆపుతాను. ఒడిశాలోని నియంగిరి. మన పార్వతీపురానికి ఎంతో దూరం లేదు. డోంగ్రియా కోందులు తమ దేవుడుగా కొలిచే కొండ. కింద బాక్సైటు. పదేళ్ల గొడవ. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చిన్న పని చేయమంది. ఆ ఊళ్లవాళ్లనే అడగండి అంది. పన్నెండు ఊళ్లలో గ్రామసభలు పెట్టారు. జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుడి ఎదుట, కొండ మీద, వానాకాలంలో. ఒక్కొక్కరే లేచి తమ భాషలో చెప్పారు. పన్నెండుకు పన్నెండు సభలూ వద్దన్నాయి. గనులు ఆగాయి. గనులు రావడం మంచిదా చెడ్డదా అని నేను వాదించడం లేదు, మీలో రెండు రకాల వాళ్లూ ఉంటారు. నేను చూసింది ఒకటే. అడిగారు, చెప్పారు, చెప్పింది చెల్లింది. నోటి మాటతో. ఏజెన్సీ చరిత్రలో ఈ మూడూ ఒకే వరుసలో జరిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గ్రామసభకు ఆ అధికారమిచ్చిన పెసా చట్టం 1996 నుంచీ పుస్తకంలో ఉంది, దానికి కోర్టు చెప్పాల్సి రావడమేమిటి అని మీరు అడగవచ్చు. నేనూ అదే అడుగుతున్నాను.

ఇప్పుడు అడవి ఖాళీ అవుతోందంటున్నారు. నాయకులు కొందరు చనిపోయారు, కొందరు లొంగిపోయారు. మంచిదే, చంపుకోవడం ఆగితే అంతకంటే కావలసింది ఏముంది! దళం వెళ్లిపోయిన ఊరికి మొట్టమొదట ఎవరు వెళుతున్నారు అన్నది చూడండి. రోడ్డు వేసే యంత్రం వెళుతోందా, క్యాంపు వెళుతోందా, సర్వే గొలుసు వెళుతోందా, గనుల కాగితం వెళుతోందా? వరుస ముఖ్యం.

ఏదో చీటీ వచ్చింది. చదువుతాను. “మీరు చెప్పిన ముసలాయన భూమి చివరికి వచ్చిందా? ఆయన కొడుకు ఏమయ్యాడు?” మంచి ప్రశ్న. చేతిరాత చూస్తే ఎవరో చిన్నపిల్లలు రాసినట్టుంది.

అమ్మా, లేదా బాబూ, ఎవరో తెలియదు. కొడుకు తిరిగి రాలేదు. ఏ ఎదురుకాల్పుల్లో పోయాడో, ఎక్కడ ఉన్నాడో ఆ ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పలేదు. భూమికి కేసు కట్టాం. ఎల్టీఆర్ కేసు, అంటే గిరిజనుల భూమి బదలాయింపు చట్టం కింద పెట్టేది, నేనే ఫైలు కట్టాను, ఆ ముద్ర సంతకం నాదే కదా, తప్పించుకునే దారి లేదు. కింది కోర్టులో గెలిచాం. షావుకారు కొడుకులు పైకి వెళ్లారు. ఆరేళ్లకు నాలుగు ఎకరాల్లో రెండున్నర వచ్చింది. మిగతా ఎకరంన్నర రోడ్డు పక్కది, అందులో అప్పటికే రైసు మిల్లు లేచింది. పెద్దాయన పోయాడు. పెద్ద కొడుకు పేర పట్టా వచ్చింది. పట్టాలో తండ్రి పేరు ఉండాల్సిన చోట షావుకారు పేరు పడింది, టైపు చేసినవాడు పాత అడంగల్ చూసి కొట్టేశాడు. దాన్ని సరిదిద్దమని పోయిన నెల మనవడు నా దగ్గరికి వచ్చాడు. అర్జీ నేనే రాసి ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు లెండి. ఆ అబ్బాయి దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. కాగితం కూడా జాగ్రత్త అన్నాను. “గొట్టం ఉంది కదా” అన్నాడు.